పాత జవాబు

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, మధ్యాహ్నానికల్లా ఆ అబ్బాయి రాసిన నాలుగొందల లైన్ల కోడు కొట్టేసి, వాటి స్థానంలో పద్దెనిమిది లైన్లు పెట్టింది. పైగా కింద ఒక ముక్క రాసింది: 'ఇలా ఉంటే చదవడానికి హాయిగా ఉంటుందేమో చూడండి.'

ప్రేమకథలు మామూలుగా ఇలా మొదలవవు. కళ్లూ కళ్లూ కలవాలి, ఎవరి పుస్తకాలో కింద పడాలి, ఇంకెవరో ఏరాలి. ఇక్కడ పడినవి లైన్లు. ఏరుకున్నది ఆ అబ్బాయి ఒక్కడే. ఏరుకుని, దులుపుకుని, మళ్లీ ఎక్కడివక్కడ పెట్టి, కింద తనూ ఒక ముక్క రాశాడు: 'చదవడానికి కథల పుస్తకాలున్నాయండీ. ఇది పరిగెత్తడానికి.'

ఆఫీసులో అతన్ని రాకెట్ అనేవాళ్లు. ఎదురుగానే అనేవాళ్లు, అతను కాదనేవాడు కాదు. వాళ్ల కంపెనీ లాండ్రీ షాపులకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. బట్టలిచ్చిన మనిషి చీటీ పట్టుకుని వస్తే, కౌంటర్లో ఉన్నావిడ ఆ నంబరు కొడుతుంది. ఆ చొక్కా వెనక గదిలో ఏ వరసలో ఏ కొక్కేనికి వేలాడుతోందో తెర మీద కనబడాలి. అంతే పని. చంద్రుడి మీదికి మనిషిని పంపే పనేం కాదు. కానీ రాకెట్ దాన్ని ఆ దృష్టితోనే చూశాడు.

నంబరు కొట్టగానే కంప్యూటరు అసలు రికార్డు దగ్గరికి వెళ్లి, అడిగి, వచ్చి చెప్పాలి. దానికి తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయేంత సేపు పడుతుంది. రాకెట్‌కి ఆ కాస్త సేపూ కంట్లో నలుసైంది. ఒకసారి చెప్పిన జవాబుని గుర్తుపెట్టుకుంటే రెండోసారి అడగాల్సిన ఖర్మేమిటని గుర్తుపెట్టుకునే ఏర్పాటు చేశాడు. ఏది ఎంతసేపు గుర్తుండాలో, ఎప్పుడు మరిచిపోవాలో షరతులు రాశాడు. ఆ షరతులకి మినహాయింపులు రాశాడు. మినహాయింపులకి మళ్లీ షరతులు పుట్టాయి. చివరికి జవాబు రెప్ప వేసేలోపే వచ్చేది. ఎలా వచ్చిందో మాత్రం అతనికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. పక్క సీట్లవాళ్లు ఆ ఫైలు తెరిచి, ఒక దణ్ణం పెట్టి మూసేసేవాళ్లు. మధ్యలో ఒకచోట అతనే ఒక హెచ్చరిక రాసి పెట్టాడు: 'దీన్ని ముట్టుకోవద్దు. ఎందుకో నాకు తెలుసు.'

అలాంటి చోట చెయ్యి పెట్టింది ఆ అమ్మాయి.

ఆమెది మెయింటెనెన్సు ఉద్యోగం. రాసినవాళ్లు చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోయాక, రాసినదాన్ని బతికించి ఉంచే పని. విందు ఫొటోల్లో ఎక్కడా కనబడకుండా వెనక గిన్నెలు తోమే పనిలాంటిది. రాయడం కంటే చెరపడమే ఎక్కువ కాబట్టి చేరిన వారానికే ఆమెకి రబ్బరు అని పేరు పడింది. అది చెవిన పడి ఆమె నొచ్చుకోలేదు. ఒక గులాబీ రంగు రబ్బరు కొని తెచ్చి, అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టుకుంది.

ఆ మొదటి రోజు సాయంత్రం రాకెట్ ఆమె సీటు దగ్గరికి వెళ్లాడు. నిజానికి నాలుగు మాటలు దులిపేద్దామనే బయలుదేరాడు. ఆమె తలెత్తి చూసింది. ఆ చూపుకి మూట కట్టుకొచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. "టీ తాగుతారా" అన్న ఒక్క మాట మిగిలింది. ఆమె చెంపకి చెయ్యి ఆనించుకుని, పెదవులు సరిగా విప్పకుండా "వద్దండి" అంది.

అతను వెనక్కి వచ్చేశాడు. ఆ జవాబుని గుర్తుపెట్టేసుకున్నాడు. తెలిసిన జవాబు కోసం రెండోసారి అడగడం అతని ఒంట్లోనే లేదు.

తర్వాత వాళ్ల మాటలన్నీ కోడు పక్కనే నడిచాయి. వాళ్ల ఆఫీసులో ఒకరు రాసింది ఇంకొకరు చదివి, పక్కన వ్యాఖ్యలు పెట్టి ఒప్పుకుంటే తప్ప లోపలికి పోదు. రాకెట్ రాసేది రబ్బరు చదవాలి. ఒకరోజు ఆమె అడిగింది: 'ఇక్కడ ఒకదాని పేరు ఎక్స్-టూ అని ఉంది. ఎక్స్-వన్ ఏమైంది?' అతను రాశాడు: 'కాలం చేసింది.' ఆమె రాసింది: 'నా సంతాపం. ఉన్నదానికైనా ఒక మంచి పేరు పెడదాం.'

రాకెట్ ఆ వ్యాఖ్యని ఇంటికెళ్లాక మళ్లీ తెరిచి చదువుకున్నాడు. మర్నాడు కావాలనే ఒకదానికి 'వై-సెవెన్' అని పేరు పెట్టాడు. ఆమె ఊరుకుంటుందా? 'వై-సిక్స్ కుటుంబానికి కబురు పెట్టారా?' అని వచ్చింది. ప్రేమలో పడ్డవాళ్లు పూలు కొంటారు, అద్దం ముందు నిలబడతారు. ఇతను దిక్కుమాలిన పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె అన్నీ దిద్దింది. దిద్దుతూ దిద్దుతూ ఒక ప్రశ్న మాత్రం నవ్వకుండా అడిగింది: 'బట్ట ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి మారితే, ఆ సంగతి ఈ గుర్తుపెట్టుకునే ఏర్పాటుకి ఎవరు చెబుతారు?'

'మారదండీ, పరీక్ష చేశాను' అని రాశాడు రాకెట్. చేసిన మాట నిజమే. ఎండాకాలంలో చేశాడు.

ఇంత రాసుకుంటున్నవాళ్లు ఎదురుపడితే మాత్రం ముక్తసరిగా తల ఊపుకుని పోయేవాళ్లు. సాయంత్రంపూట వరండాలో టీ మిషను దగ్గర ఆమె ఖాళీ కప్పు పట్టుకుని చాలాసేపు నిలబడి ఉండేది. రాకెట్ దూరం నుంచి చూసి, నాతో టీ ఇష్టంలేదు కదా, ఎదురుపడి ఇబ్బంది పెట్టడం దేనికని స్తంభం వెనక ఆగిపోయేవాడు. ఆమె వెళ్లాక వెళ్లి తాగేవాడు. తన మర్యాదకి తనే మురిసిపోయేవాడు కూడా. కొందరికి తెలివి ఎంత ఉంటుందో, దాన్ని ఎక్కడ వాడకూడదో తెలియనితనం కూడా అంతే ఉంటుంది.

ఇంట్లోనూ అదే వరస. అమ్మ వంటగదిలో ఏ డబ్బా ఎన్నిసార్లు తీస్తోందో గమనించి, అడుగులు కలిసొచ్చేలా అరలన్నీ మార్చేశాడు. లెక్క ప్రకారం అమ్మకి సగం నడక తగ్గాలి. తగ్గలేదు సరికదా, ఆవిడ సొంత వంటగదిలో చుట్టాలింటికొచ్చినట్టు నిలబడిపోయేది. ఆఫీసులో మీటింగు మధ్యలో ఫోను వచ్చేది. పంచదార ఎక్కడరా అని అడిగేది. కుడివైపు రెండో అర, వెనక వరస, నీలం మూత అని ఇతను గర్వంగా చెప్పేవాడు. రోజూ ఫోనేం చేస్తాంలే అని నాన్న పంచదార లేని టీకి అలవాటుపడి, డాక్టరు మానమన్నాడని బయట చెప్పుకునేవాడు.

ఇలా నాలుగు నెలలు గడిచాక మేనేజరుకి ఒక ఆలోచన వచ్చింది. మేనేజరుకి ఆలోచన రావడం ఆఫీసులో ఎవరికీ మంచిది కాదు.

ఆయన్ని వెనకాల గ్రాఫుగారు అనేవాళ్లు. గీత పైకి పోతే ఆయనకి సంతోషం, కిందికి పోతే బెంగ. తక్కువ సమయం పట్టడమే మంచిది కాబట్టి ఇక్కడ గీత కిందికే పోవాలి సార్ అని ఎవరైనా చెబితే, కాగితం తిరగేసి పట్టుకునేవాడు. ఆయన ఒక వారం పోటీ పెట్టాడు. సగం షాపుల్లో రాకెట్ నాలుగొందల లైన్లు నడుస్తాయి, సగం షాపుల్లో రబ్బరు పద్దెనిమిది లైన్లు. హాల్లో పెద్ద టీవీ మీద రెండు గీతలు పాకుతుంటాయి. శుక్రవారం మీటింగులో తీర్పు. రాకెట్ గెలిస్తే అతనికి ప్రమోషను, అద్దాల గది. అంత చక్కగా పరిగెత్తేదానికి ఇక మెయింటెనెన్సు దండగ కాబట్టి ఆ అమ్మాయి సీటు రద్దు. ఆమె తన పాత ఆఫీసుకి వెళ్లిపోవాలి, అది రాత్రంతా రైలు ప్రయాణం. ఆమె గెలిస్తే ఆమె ఉంటుంది, రాకెట్ ఇన్నాళ్ల గొప్పతనం చెత్తబుట్టలోకి పోతుంది.

మొదటి రోజు నుంచీ రాకెట్ గీతదే పైచేయి. రెండిటికీ ఉన్న తేడా ఎంతంటే, మామూలుగా గీస్తే రెండూ ఒకే గీతలా కనబడ్డాయి. గ్రాఫుగారికి అది నచ్చలేదు. కింద భాగం కోసేసి మిగతాది సాగదీయించాడు. గోరంత తేడా కొండంత అయింది. జనం టీవీ ముందు నిలబడి చప్పట్లు కొట్టారు. షాపులో చీటీ కోసం నాలుగు జేబులూ రెండు సంచులూ తడుముకునే మనిషికి పట్టే సేపుని మాత్రం ఎవరూ గీతలో వెయ్యలేదు.

అందరూ వచ్చి రాకెట్ చెయ్యి ఊపి వెళుతున్నారు. ఆ చేతుల మధ్యలోంచి అతనికి ఆ గులాబీ రంగు రబ్బరు కనబడింది. పక్కన ఆమె వంచిన తల కనబడింది. అప్పటికిగానీ ఆ మహానుభావుడికి లెక్క తట్టలేదు. తను గెలిచిన ప్రతి రోజూ ఆమెని రైలు దగ్గరికి ఒక అడుగు నెడుతున్నాడు. ఆ అద్దాల గదిలో కూర్చుని చూడ్డానికి ఎదుటి సీటులో ఎవరూ ఉండరు.

బుధవారం సాయంత్రం మెట్ల దగ్గర ఆమెని ఆపాడు.

"రేపటి నుంచి నాది కొంచెం నెమ్మదిగా నడిచేలా చేస్తానండీ. ఎవరికీ తెలియదు."

"ఎందుకు?"

"మీరు వెళ్లిపోకుండా ఉండటానికి."

ఆమె ముఖం ఎర్రబడింది. అది సిగ్గనుకుని రాకెట్ ఒక్క క్షణం సంతోషించాడు. సిగ్గు కాదు.

"నా పద్దెనిమిది లైన్లు మీ దయ మీద బతకనక్కర్లేదు," అంది. "మీదాంట్లో తప్పుంటే చూపించండి. లేదంటే గెలవండి. బాగున్నదాన్ని చెడగొట్టి నాకు కానుకలివ్వకండి."

రెండు మెట్లు దిగి ఆగింది. "అయినా నేనుంటే మీకేంటి, పోతే మీకేంటి? ఇన్నాళ్లలో నన్ను ఒక్కసారైనా..." అని, మిగతాది చెప్పకుండా వెళ్లిపోయింది.

ఒక్కసారైనా ఏమిటో రాకెట్‌కి అర్థం కాలేదు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. అమ్మ ఎదురుగా కూర్చుంది. అమ్మలకి ఇలాంటి విషయాలు గ్రాఫు లేకుండానే తెలుస్తాయి. ఎవరా అమ్మాయి అని అడిగింది. అతను మొత్తం చెప్పాడు, టీ సంగతితో సహా. ఇష్టమే అమ్మా, చాలా ఇష్టం, కానీ ఆమెకి లేదని తెలుసు అన్నాడు.

"ఎలా తెలుసు?"

"టీకి పిలిస్తే వద్దందమ్మా."

"ఎప్పుడు?"

"చేరిన రోజు."

మాటల్లో పడి అతను మళ్లీ కూర వడ్డించుకోవడం అమ్మ చూసింది. "ఒరేయ్, మొన్న వద్దని కంచం తోసేసిన కూర ఇవాళ రెండోసారి వడ్డించుకుంటున్నావు. మాట నోట్లోంచి ఊడిపడ్డాక అలాగే గడ్డకట్టుకుని ఉంటుందట్రా? మనిషి ఎదురుగా ఉంటే మళ్లీ అడగడానికి నీకేం ఖర్చు?"

అడగాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. శుక్రవారం మీటింగుకి ముందే, గెలుపోటములు తేలకముందే అడగాలి. దానికి అతని మంచి నీలం చొక్కా కావాలి. అది ఆఫీసు పక్కవీధి లాండ్రీలో ఉంది. ఆ షాపులో నడుస్తున్నది తన నాలుగొందల లైన్లే. గురువారం సాయంత్రం వెళ్లి అడిగితే కౌంటరావిడ నంబరు కొట్టి చూసి, మూడో వరస చివరి కొక్కెం, ఇస్త్రీ ఒక్కటే మిగిలింది, రేపు రమ్మంది.

రేపటికి వాన మొదలైంది. మామూలు వాన కాదు. ఆ కాలంలో మొదటి వాన, బాకీ అంతా ఒకేసారి తీర్చేస్తున్నట్టు కురిసింది. గొడుగు వీధి మలుపులోనే తిరగబడి ఎగిరిపోయింది. లాండ్రీ మెట్లెక్కేసరికి రాకెట్ పిండితే బకెట్టు నిండేలా ఉన్నాడు. లోపల జనం తోసుకుంటున్నారు. కౌంటరావిడ నంబరు కొట్టింది. ఆమె వేలు ఇంకా మీట మీదే ఉంది, జవాబు వచ్చేసింది. ఆ అవస్థలో కూడా రాకెట్‌కి ఛాతీ పొంగింది. ఆమె లోపలికెళ్లి, తెర చెప్పిన కొక్కెం నుంచి తీసి, అక్కడే మడిచి కాగితం కవర్లో పెట్టి తెచ్చి, చేతికిచ్చి తర్వాతి చీటీ అందుకుంది.

ఆఫీసు బాత్రూములో తడి చొక్కా విప్పి కుళాయి మీద ఆరేసి, కవరు తెరిచాడు. నీలం చొక్కా లేదు. ఎర్రటి బ్యాండుమేళం కోటు ఉంది. ఇద్దరు రాకెట్లు పట్టేంత కోటు. ఇత్తడి గుండీలు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. లోపలి అస్తరు ఇంకా కొంచెం తేమగానే ఉంది.

లాండ్రీకి ఫోను చేశాడు. వాన పడితే మాకింతే బాబూ అంది కౌంటరావిడ. బరువు బట్టలు ఆరవు కాబట్టి ఫ్యాను కింద ఉన్న మూడో వరసకి మారుస్తాం, అక్కడున్న చొక్కాలు ముందు గదికి తెస్తాం, కంప్యూటర్లో ఎక్కిస్తాం కూడా, మరి అదెందుకో పాత కొక్కేలే చూపిస్తోంది అని వాపోయింది. పొద్దుట్నుంచి ఇది నాలుగోదట. ఒక పెద్దాయనకి చంటిపిల్ల గౌను వెళ్లిందట.

రాకెట్ ఫోను పెట్టేసి అద్దంలో చూసుకున్నాడు. అసలు రికార్డుకి కొత్త కొక్కెం తెలుసు. తన ఏర్పాటు వెళ్లి అడగలేదు. నిన్న సాయంత్రం విన్న జవాబునే ఇవాళ ఠక్కున చెప్పేసింది. బట్ట మారితే ఈ ఏర్పాటుకి ఎవరు చెబుతారని ఆ అమ్మాయి ఎప్పుడో అడిగింది. మారదండీ అన్నాడు తను.

బయట మీటింగుకి కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. కుళాయి మీద తడి చొక్కా ఉంది. అది తొడుక్కుని వెళితే వానలో తడిశాడనుకుంటారు, అంతే. టీవీ మీద గీత ఇప్పటికీ తన వైపే ఉంది. అద్దాల గది ఇంకో అరగంటలో తనది. నాలుగు కవర్లు తారుమారైన సంగతి షాపువాళ్లు తమ పొరపాటే అనుకుని సర్దుకుంటారు, వాన వెలిశాక అందరూ మరిచిపోతారు. అతను ఇదంతా ఆలోచించలేదని నేను చెప్పను. ఆలోచించాడు. ఆలోచించి, కోటు తొడుక్కున్నాడు.

మీటింగు గదిలోకి అతను అడుగుపెట్టగానే అందరి తలలూ అటు తిరిగాయి. భుజాల మీద కుచ్చులు ఊగుతున్నాయి. కోటు చేతులు మణికట్టు దాటి, వేళ్లు దాటి కిందికి వేలాడుతున్నాయి. గ్రాఫుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం ముందు కోటుని, తర్వాత కిటికీలోంచి వానని చూసింది. ఆమెకి అప్పుడే అర్థమైపోయింది.

"నాది వేగంగా చెబుతుంది సార్," అన్నాడు రాకెట్ చేతులు చాపి. "ఏం చెబుతుందో చూడండి. నేను నీలం చొక్కా అడిగాను."

జరిగిందంతా చెప్పాడు. గ్రాఫుగారు టీవీ వంక బెంగగా చూసి, కానీ గీత బాగానే ఉంది కదా అన్నాడు. వానకి ఇంకో షరతు పెట్టెయ్యలేవా అని అడిగాడు.

"పెట్టొచ్చు సార్. రేపు షాపు మారితే ఇంకోటి, కొత్త ఫ్యాను కొంటే ఇంకోటి పెట్టొచ్చు. కానీ మధ్యలో 'ముట్టుకోవద్దు, ఎందుకో నాకు తెలుసు' అని రాసి పెట్టాను చూడండి, నిన్న దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో నాకు గుర్తు లేదు. రాసినవాడికే తెలియనిది రేపు ఎవరు బాగుచేస్తారు? ఆవిడది ప్రతిసారీ వెళ్లి అడుగుతుంది. తుమ్మంత సేపు ఆలస్యం. అంతే తేడా."

గ్రాఫుగారు ఆలోచించి, తప్పు జవాబులకి కూడా ఒక గీత వేయమన్నాడు. వేశారు. పొద్దుట్నుంచి రాకెట్ షాపుల్లో అది నిటారుగా పైకి పోతోంది. పైకి పోతున్న గీతని చూసి ఆయన ముఖం వికసించింది. పక్కనున్నవాళ్లు చెవిలో ఏదో చెప్పాక వాడిపోయింది.

ఆ అమ్మాయి గెలిచినందుకు ఎగిరి గంతెయ్యలేదు. లేచి నిలబడి, రాకెట్ గారి పద్ధతి అన్నిచోట్లా తప్పని కాదు అంది. షాపుల చిరునామాలు గుర్తుపెట్టుకోవచ్చు, అవి వానకి మారవు. కదిలేవాటిని మాత్రం వెళ్లి అడగాలి. ఎంత కలిసొస్తుందో, ఎంత చిక్కు పెరుగుతుందో రెండూ తూకం వేసి చూడకుండా వేగం పెంచొద్దు, అంతే నేను చెప్పేది అని కూర్చుంది. పద్దెనిమిది లైన్లు గెలిచాయి. ఆమె సీటు నిలిచింది. అద్దాల గదిలో ఆ పెద్ద టీవీని పెట్టి తాళం వేశారు.

రాకెట్ ఈసారి స్తంభం వెనక ఆగలేదు. కుచ్చులతో సహా టీ మిషను దగ్గరికి నడిచాడు. ఆమె అక్కడే ఉంది, ఖాళీ కప్పుతో, నవ్వు ఆపుకోలేక.

"నన్ను ఉంచడానికి ఓడిపోయారా?" అని అడిగింది.

"లేదండీ. తప్పుంటే చూపించమన్నారు, చూపించాను." ఊపిరి పీల్చుకున్నాడు. "టీ తాగుతారా?"

ఆమె నవ్వు ఆగింది. "రెండోసారి అడగడానికి నాలుగు నెలలు పట్టిందా మీకు?"

"మొదటి రోజు వద్దన్నారు కదా."

"మొదటి రోజు పొద్దున పన్ను పీకించుకుని వచ్చాను. చెంపంతా మొద్దుబారిపోయి ఉంది. ఆ వద్దండి కూడా ఎలా వచ్చిందో నాకే తెలియదు." ఆమె చేతిలోని ఖాళీ కప్పు చూపించింది. "మర్నాటి నుంచి రోజూ ఇక్కడే నిలబడ్డాను. ఇవాళ అడుగుతారు, ఇవాళ అడుగుతారు అని. మీరు నన్ను చూసి స్తంభం చాటుకి పోయేవారు. మీ దృష్టిలో నేను లేనేమో అనుకున్నాను."

రాకెట్‌కి ఏడుపొచ్చినంత పనైంది. తన నాలుగొందల లైన్లు పోయినప్పుడు కూడా అంత బాధ కలగలేదు. ఆ దిక్కుమాలిన పేర్లన్నీ ఎందుకు పెట్టాడో చెప్పాడు. ఆమె వ్యాఖ్యలు ఇంటికెళ్లి చదువుకునేవాణ్ణని చెప్పాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ" అని కూడా చెప్పాడు, కోటు చేతుల్లో వేళ్లు ముడుచుకుని.

"నాకూ ఇష్టమే," అంది ఆమె. "కానీ ఇది ఇవాళ్టి జవాబు. రేపు మళ్లీ అడగాలి."

"రోజూనా?"

"రోజూ. ఆలస్యమైనా ఫరవాలేదు."

సాయంత్రం కోటు తిరిగివ్వడానికి ఒకే గొడుగులో వెళ్లారు. గొడుగు ఆమెది, చిన్నది. ఇద్దరూ సగం సగం తడిశారు. లాండ్రీ మెట్ల మీద బ్యాండు మాస్టారు బనీనుతో కూర్చుని, బాకా ఒళ్లో పెట్టుకుని, కనబడ్డవాళ్లందరినీ తిడుతున్నాడు. రాకెట్ ఆ తిట్లన్నీ తలవంచి పుచ్చుకున్నాడు. అవి న్యాయంగా అతనివే.

ఆ ఆదివారం ఆమె వాళ్లింటికి వచ్చింది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, రా అమ్మా అన్నాడు. అమ్మ టీ పెట్టడానికి లేచింది, వెనకే ఆమె వెళ్లింది. పొయ్యి ముందు అమ్మ అలవాటుగా అటూ ఇటూ చూసింది. కుడివైపు రెండో అర అంటూ రాకెట్ గుమ్మంలోంచి మొదలుపెట్టాడు.

ఆమె అతన్ని పట్టించుకోలేదు. "మీకు చెయ్యి చాపితే ఎక్కడ ఉండాలనిపిస్తుందండీ?" అని అమ్మని అడిగింది. అమ్మ ఆలోచించకుండా పొయ్యి పక్క గట్టు మీద చెయ్యి వేసింది. ఆమె ఆ నీలం మూత డబ్బా వెతికి తీసి, ఆ చేతి పక్కన పెట్టింది. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

అమ్మ డబ్బా వంక చూసింది, పిల్ల వంక చూసింది. హాల్లోకి వినబడేలా అంది: "ఏమండీ, ఈ పిల్ల మనింటికి రావాల్సిందే. మీ ఇష్టం కనుక్కోవడం కాదు, చెబుతున్నాను."

నాకూ ఒక చెంచా పంచదార వెయ్యమని నాన్న హాల్లోంచి కేకేశాడు. డాక్టరు మాట ఎవరికీ గుర్తు రాలేదు.

"నీకెన్ని చెంచాలమ్మా?" అని అడిగింది అమ్మ.

"రెండమ్మా," అన్నాడు రాకెట్, రెప్ప వేసేలోపు.

అమ్మ చెంచా పట్టుకునే వెనక్కి తిరిగింది. "నిన్నడగలేదురా."

రాకెట్ నోరు మూసుకుని ఆమె వైపు చూశాడు. ఆమె కూడా అతని వైపే చూస్తూ, తీరిగ్గా, కావలసినంత సేపు ఆలోచించుకుంది.

"ఇవాళ మూడండీ," అంది.

రాకెట్ విన్నాడు. గుర్తుపెట్టుకోలేదు.